కొత్త డబ్బాకు కొట్టిన కొబ్బరికాయ

పోయినేడు పంజాగుట్టలోని మా ఇంటి హాల్లో టీవీ కింద పెట్టుకునే కంప్యూటర్ కోసం, పాత వీసీఆర్‌లా పలచగా ఉండే నల్ల క్యాబినెట్ డబ్బా, అందులోకి కొత్త హార్డ్‌డిస్క్ ఏరికోరి కొన్నాను. బిగించడానికి, ఒకప్పుడు అమీర్‌పేట హాస్టల్లో నా రూమ్మేటైన శీనును పిలిచాను.

"కొత్త సామానుకు కొబ్బరికాయ కొట్టకుంటె ఎట్లరా? జర పోయి పట్టుకరా. గప్పటిదాంక హార్డ్‌డిస్క్ నేను బిగిస్త," అన్నాడు. మురిసిపోతూ వెళ్లి తెచ్చాను.

కాయ కొట్టి, ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఆన్ చేశాను. ఖాళీగా ఉండాల్సిన కొత్త డిస్కులోంచి టీవీ నిండా శీను కూతురి పుట్టినరోజు ఫొటోలు! ఒకదాంట్లో పాపకు కేకు తినిపిస్తున్నది నేనే.

"ఇవి శీను అన్నయ్య వాళ్లవి కదా?" అంది మా ఆవిడ.

శీను తన సంచిని దగ్గరికి లాక్కున్నాడు. లాగి తెరిచి చూస్తే, నా కొత్త డిస్కు అందులోనే ఉంది.

కాజేస్తే కాజేశాడు, తన పాత డిస్కుకు నాచేత కొబ్బరికాయ కొట్టించాడే, అదే ఇప్పటికీ కడుపు మండిస్తుంది.