ఏ పార్టీ కానివాళ్లం

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు. నానక్‌రామ్‌గూడలో ఇప్పుడు కనిపించే అద్దాల మేడల్లో సగం అప్పటికే లేచాయి, మిగతా సగానికి గోతులు తవ్వుతున్నారు. నేను ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఒక పెద్ద కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ పట్టుకుని, చేరే తేదీ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాను. వాళ్లు అప్పుడప్పుడు "మీరు మా కుటుంబంలో ఒకరు" అని మెయిల్ పెట్టేవాళ్లు. (కుటుంబంలో వాళ్లకు జీతం ఇవ్వరు కదా, అందుకే ఇవ్వలేదు కాబోలు.) హాస్టల్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని మధ్యలో ఏదో ఒక పని చేద్దామనుకుని అసెంబ్లీ ఎన్నికల ముందు చేరిందే ఈ ఓట్ల పని. ఆ వయసులో దేశాన్ని బాగుచేయడం ఎంత తేలికనిపిస్తుందో! నాలుగు పోస్టర్లు, రెండు మీటింగులు, అంతే, దేశం దారికొచ్చేస్తుంది.

మా సంస్థ అంటే ముగ్గురం. నల్లగండ్లలో ఒక మందుల షాపు పైన గది. సంస్థ పెట్టింది సార్. గోదావరి జిల్లాలో హైస్కూల్ హెడ్‌మాస్టరుగా రిటైరై, భార్య పోయాక ప్రగతి నగర్‌లో కూతురి ఇంటికి వచ్చి ఉంటున్నారు. కూతురూ అల్లుడూ ఆఫీసులకు పోతే పగలంతా గోడలు చూస్తూ కూర్చోలేక ఇది మొదలుపెట్టారట. కుక్కపిల్లను కూడా "జరగండి" అనే మనిషి. రెండోవాడు పోస్టర్లు గీసే డిజైన్ బావ. ఎవరికి బావో తెలియదు, అందరూ అలాగే పిలిచేవాళ్లం. మూడో మనిషిని నేను. మాకు డబ్బిచ్చేది ముంబైలో ఒక దాతల ట్రస్టు. జనం ఓటు వేస్తే చాలు, ఎవరికి వేస్తారన్నది వాళ్లకు అక్కర్లేదు. ఈ సంగతి మా బాపుకు ఫోన్లో చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"ఓట్ల పనా? ఏ పార్టోళ్లు ఇస్తున్రు బిడ్డా జీతం?"

"ఏ పార్టీ కాదు బాపూ. ఎవరికైనా సరే, ఓటెయ్యమని చెప్తం, అంతే."

"పార్టీ లేకుండ ఓట్లకు పైసలెవలిస్తరే? నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?"

నిజానికి ఆ ప్రశ్న బాపు ఒక్కడిదే కాదు. మేం ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది అదే. ట్రస్టువాళ్ల షరతు కూడా దాని చుట్టూనే తిరిగేది: ఏ పార్టీ వాసనా తగలకూడదు. దాంతో మా టీషర్టుల రంగు ఎంచడమే పెద్ద గండమైంది. ఆకుపచ్చ అంటే ఒక పార్టీ, పసుపు అంటే ఇంకొకటి, గులాబీ, కాషాయం, నీలం, ఎరుపు, ఇంద్రధనుస్సులో ఒక్క రంగును కూడా వదల్లేదు మన నాయకులు. పోనీ తెలుపు అంటే, తెల్లబట్టలు వేసుకున్నవాడు నాయకుడు కాకుండా ఎట్లా ఉంటాడని బావే కొట్టిపారేశాడు. చివరికి బూడిద రంగు ఖాయమైంది. బూడిద రంగు టీషర్టులు, బూడిద రంగు టోపీలు వేసుకుని, చేతుల్లో సంచులతో ఒక గేటెడ్ కమ్యూనిటీకి వెళితే వాచ్‌మన్ లేచి రిజిస్టర్ ముందుకు తోశాడు. "ఏ బ్లాకుకు? బొద్దింకలా, చెదలా?" సార్ ఎంతో మర్యాదగా "ఓటర్లండి" అన్నారు. వాచ్‌మన్ రిజిస్టర్ వెనక్కి లాక్కుని, "గది మేం జూడం, సెక్రటరీకి ఫోన్ చెయ్యుండ్రి" అన్నాడు.

లోపల క్లబ్‌హౌస్‌లో మా మీటింగుకు వచ్చిన కొద్దిమందీ అడిగిన ఒకే ఒక్క సందేహం, పోలింగ్ సెలవు శనివారానికి అతుక్కుంటుందా లేదా అని. గోవా టికెట్లు కొనుక్కోవాలట. మేమేమో ఫొటోలో సీలింగ్ ఫ్యాను పడుతోందని (అదీ ఒక గుర్తే) కుర్చీలు జరుపుకోవడంలో, టీ గాజు గ్లాసుల్లో వచ్చిందని (అదీ గుర్తే) పేపరు కప్పుల్లోకి ఒంపుకోవడంలో మునిగిపోయాం. ఓటు వద్దనేవాళ్లను బతిమాలుకునే పని మాది. ఓటు కావాలని ఏడ్చే మనిషి మా గది కిందే ఉందని అప్పటికి తెలియదు.

ఆమె ఇడ్లీ పెద్దమ్మ. మందుల షాపు ముందు తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్మేది. నల్లగండ్లలోనే పుట్టి, అక్కడే కాపురం చేసి, అక్కడే భర్తను సాగనంపిన మనిషి. పాలోళ్లు, అంటే దాయాదులంతా, కలిసి జాగా అమ్మేశాక అక్కడ టవర్లు లేచాయి. ఆమె వాటి వెనక మిగిలిన పాత గల్లీలో ఒక కిరాయి గదిలో ఉండేది. "గా నాలుగో టవర్‌ల లిఫ్టున్నది సూడు బిడ్డా, గాడ్నే మా వంటిల్లుండె" అని ఇడ్లీ పెడుతూ చెప్పేది, నేను నవ్వేదాన్ని. ఒకరోజు సార్ ఊరికే మాటవరసకు "మీ ఓటుందా అమ్మా?" అని అడిగి, ఫోన్లో ఓటర్ల జాబితా చూశారు. లేదు. ఎవరో ఇంటింటికీ తిరుగుతూ వచ్చి, పాత చిరునామాలో ఇల్లే లేకపోయేసరికి పేరు కొట్టేసి పోయినట్టున్నారు.

పెద్దమ్మ గరిటెను గిన్నెలో పెట్టేసి సార్ వైపు తిరిగింది. "ఇల్లు పాయె, బాయి పాయె, ఊరు మొత్తం పాయె. ఓటొక్కటి నాదనుకున్న. అది సుత పాయెనా సారూ? ఓటు లేకపోతె నేను గీ ఊరిదాన్నని ఎవలకెర్క?"

సార్ ముఖం చూడాలి. సొంత తల్లికి అన్యాయం జరిగినట్టు అయిపోయారు. "నేను తెప్పిస్తానమ్మా. ఈ ఎన్నికల్లో మీరు ఓటు వేస్తారు" అన్నారు. అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

అక్కడినుంచి మా పని తీరే మారింది. ఆ గల్లీలో పెద్దమ్మలాగే పేరు పోయినవాళ్లు ఇంకా చాలామంది తేలారు. దరఖాస్తు పెట్టడం పెద్ద కష్టం కాదు. ఆ తర్వాత ఒక ఉద్యోగి ఇంటికి వచ్చి మనిషి ఉందో లేదో చూసుకుంటాడు, అసలు చిక్కంతా అక్కడే. బండి దగ్గర పొద్దంతా నిలబడే మనిషి, ఇళ్లలో పాచిపని చేసే మనిషి ఆ సమయానికి గదిలో ఎట్లా ఉంటారు? తాళం కనిపిస్తే సంతకం పెట్టకుండా వెళ్లిపోతాడు. అందుకని సార్ ఒక పద్ధతి పెట్టారు. ఆ గల్లీలో ఎవరెవరు దరఖాస్తు పెట్టారో వాళ్ల గుమ్మాల్లో మేమే వంతులవారీగా కాపలా. ఉద్యోగి రాగానే ఫోన్ కొడితే ఆ మనిషి పరుగెత్తుకు రావాలి. ఇంజినీరింగ్ చదివి జనం గుమ్మాల్లో కూర్చున్నానని మా బాపుకు చెప్పలేదు. ట్రస్టు డబ్బు మా ముగ్గురి కాళ్లకు కట్టిన చక్రాలు. అది ఉన్నంతకాలం ఏ గుమ్మమూ ఖాళీగా ఉండేది కాదు.

అప్పుడే మా పని చూడటానికి ట్రస్టు నుంచి ఇంపాక్ట్ మేడమ్ వచ్చింది. (ప్రతి మాటకూ ఇంపాక్ట్ ఎంత అని అడుగుతుందని ఆ పేరు.) మంచి మనిషే. ముందురోజు సార్ పెద్దమ్మతో, "రేపు మన ఓట్ల పని చూడటానికి ముంబై నుంచి పెద్ద మేడమ్ వస్తున్నారమ్మా. గల్లీలో నలుగురూ కాస్త ఉండండి" అన్నారు. ఆయన చెప్పింది అంతే. కానీ ఆ గల్లీలో ఓట్ల సంగతి మీద వచ్చిన ఏ పెద్దమనిషికైనా జరిగే మర్యాద ఒకటుంది, అది గోదావరి నుంచి వచ్చిన సార్‌కు తెలియదు, ఇక్కడి జిల్లా నుంచే వచ్చిన నాకు తెలిసీ బుర్రకు తట్టలేదు. మేడమ్ కారు దిగేసరికి డప్పులు! ఆడవాళ్లు వరుసగా మంగళహారతులు పట్టుకుని నిలబడ్డారు. పెద్దమ్మ ముందుకొచ్చి మేడమ్‌కు నుదుటినిండా బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసింది. "నో నో, ప్లీజ్" అంటూ మేడమ్ వెనక్కి జరిగినకొద్దీ వాళ్లు బిడియం అనుకుని ఇంకా దగ్గరకొచ్చారు. ఒకామె "అమ్మా, మీ గుర్తేంది?" అని అడిగింది. సార్ రెండు చేతులూ ఊపుతూ, "గుర్తు లేదండి, ఏ గుర్తూ లేదండి" అని డప్పుల మధ్య అరుస్తుంటే, "ఇంక గుర్తు రాలేదంట" అని ఆమె వెనకవాళ్లకు సర్దిచెప్పింది.

అంతవరకే అయితే నవ్వి ఊరుకునేవాళ్లం. డప్పుల మోత విని గల్లీ అన్న వచ్చాడు. గల్లీ అన్న అంటే ఆ వాడలో ఒక పార్టీ తరఫున తిరిగే చిన్న నాయకుడు. (ఏ పార్టీ అని చెప్పను. సార్ లేకపోయినా షరతు షరతే.) ఎక్కడ దండ కనిపించినా దాని పక్కన నిలబడటం ఆయనకు అలవాటు. ఎవరు, ఏమిటి అని అడగనైనా లేదు. మెడలో కండువాతో వచ్చి మేడమ్ పక్కన నిలబడి నమస్కారం పెట్టాడు, ఆయన వెంట ఉన్నవాడు టపటపా ఫొటోలు తీశాడు. మేం తేరుకునేలోపు బండెక్కి వెళ్లిపోయారు కూడా. సాయంత్రానికి ఆ ఫొటో అన్ని కాలనీల వాట్సాప్ గ్రూపుల్లోకీ ఎక్కింది. "ముంబై నుంచి విచ్చేసి మా పార్టీకి మద్దతు పలికిన మేడమ్ గారికి ధన్యవాదాలు." బావ అది చూసి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. సార్ ఒక్కరే నవ్వలేదు.

వారం తిరక్కుండానే మేడమ్ ఫోన్ చేసింది. తప్పు మాది కాదని ఆమెకు తెలుసు. ట్రస్టు పెద్దలకు తను ఎంత చెప్పినా, పార్టీ కండువాతో ఫొటో బయటికొచ్చాక ఇక డబ్బు పంపడం కుదరదన్నారట. చెబుతూ చెబుతూ ఆమే ఏడ్చేసింది, సారే ఓదార్చారు. "పర్లేదమ్మా, మీరు బాధపడకండి, మీ ఉద్యోగం జాగ్రత్త" అని ఫోన్ పెట్టేసి, గోడకున్న మా పోస్టర్ల అంచులు నెమ్మదిగా ఊడదీయడం మొదలుపెట్టారు. గది ఖాళీ చేశాం. బావ ఒక ప్రకటనల కంపెనీలో చేరాడు. సరిగ్గా అప్పుడే మా కంపెనీవాళ్లకు నేను వాళ్ల కుటుంబమని నిజంగానే గుర్తొచ్చింది. కొత్త ఐడీ కార్డు మెడలో వేసుకున్న రోజు సంతోషం కలగలేదు, నిజం చెబుతున్నాను.

సార్ ఒక్కరే ప్రగతి నగర్ నుంచి బస్సులు మారి వచ్చి ఆ గల్లీలో తిరిగేవారు. కానీ ఒక్క మనిషి ఎన్ని గుమ్మాల్లో కూర్చుంటాడు? ఆయన గల్లీ ఆ చివర పసిపిల్లకు టీకా వేయించడానికి పోయిన ఒక బాలింత గుమ్మంలో ఉన్నప్పుడు ఉద్యోగి పెద్దమ్మ గది దగ్గరికి వచ్చాడు. తాళం చూశాడు, వెళ్లిపోయాడు.

పోలింగ్ రోజు పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. పేరు వచ్చి ఉండదని సార్ నచ్చచెప్పినా, "ఒక్కపారి అడిగితె తప్పేంది" అని వరుసలో నిలబడింది. నేనూ బావా కూడా వెళ్లి సార్ పక్కన తలుపు దగ్గర నిలబడ్డాం. లోపల పోలింగ్ డ్యూటీలో ఉన్న ఒక పిల్ల జాబితా పైనుంచి కిందికి వెతికి తల అడ్డంగా ఊపింది. పెద్దమ్మ వేలు ముందుకు చాపి అడిగింది.

"పోనీ తీయ్ బిడ్డా, ఓటొద్దు. జర గా సిర సుక్కన్న పెట్టు. బండికాడ అందరు అడుగుతరు."

"అట్ల పెట్టొద్దమ్మా, రూల్ లేదు" అంది ఆ పిల్ల.

పొద్దున్నే ప్రగతి నగర్‌లో ఓటేసి వచ్చిన సార్, సిరా ఉన్న చేతిని జేబులో దాచుకున్నారు. బయటికి రాగానే బావ ఆగలేక సంచిలోంచి మార్కర్ పెన్ను తీసి, "వేలు ఇటు పట్టు పెద్దమ్మా, నేను పెడతా" అన్నాడు. ఆమె వాడి తల నిమిరింది. "దొంగ సుక్క నాకెందుకు కొడుకా? నా ఊర్లె నేనే దొంగనయితనా?" అంది. అంతే, సార్ పోలింగ్ జరుగుతున్న స్కూలు గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. మాట పోయిందని, మాటిచ్చి మోసం చేశానని ఏవేవో అంటున్నారు. పెద్దమ్మే ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, కొంగుతో విసురుతూ, "సదువు చెప్పినోళ్లు గిట్ల ఏడుస్తరా సారూ? ఓట్లు మళ్ల రావా ఏంది, ఫికర్ చెయ్యకుండ్రి" అంది.

మళ్లీ వచ్చాయి. కొద్ది నెలలకే పార్లమెంటు ఎన్నికలు. సార్ మళ్లీ దరఖాస్తు పెట్టి, ఈసారి ఇంకే గుమ్మానికీ వెళ్లకుండా పెద్దమ్మ గది ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ట్రస్టు లేదు, టీషర్టు లేదు, కూతురు కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఒక్కటే. పేరు వచ్చింది. వచ్చిందని నాకు ఫోన్ చేసి రెండుసార్లు చెప్పారు. పోలింగ్ ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం గుండెల్లో నొప్పి అన్నారట. దవాఖానకు తీసుకెళ్లేలోపే వెళ్లిపోయారు.

పోలింగ్ రోజు పెద్దమ్మతో నేను వెళ్లాను. లోపల ఎంతసేపు ఉందో! బయటికి వచ్చి, గోరింటాకు ఆరని పిల్లలా వేలు దూరంగా పట్టుకుని, "సారింటికి పోదాం" అంది. ఆటోలో ప్రగతి నగర్ దాకా ఆ వేలు దించలేదు. సార్ కూతురు తలుపు తీసింది. గోడ మీద ఫొటో, దండ. పెద్దమ్మ దాని ముందు నిలబడి వేలు ఎత్తి చూపింది. "సారూ, ఏసిన" అంది. సార్ కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత పెద్దమ్మ ఫొటోకు దగ్గరగా ముఖం పెట్టి, గుసగుసగా ఏదో చెప్పింది.

మెట్లు దిగుతూ అడిగాను, "ఏం చెప్పినవ్ పెద్దమ్మా?"

"ఎవలికేసిన్నో చెప్పిన. గంత కష్టపడ్డడు, ఆయనకన్న చెప్పొద్దా? ఇగ సారు ఎవలకు చెప్పడు."

నా కళ్లలో నీళ్లు ధారగా కారిపోతున్నాయి. ముక్కు తుడుచుకుంటూనే, "ఎవలికి పెద్దమ్మా? నాకూ చెప్పవా?" అన్నాను.

"నీకెందుకే? నడువ్, ఆటో ఆయన పోతడు."

ఇప్పుడు అదే నల్లగండ్లలో ఒక టవర్‌లో ఉంటున్నాను. ఆ రోజు మెట్ల మీదున్న ఆ పిల్లను, అంటే నన్నే, తలచుకుంటే ఏడుపులోనే నవ్వొస్తుంది. అంతటి మనిషి పోయాడని గుండె పగిలేలా ఏడుస్తూ కూడా, దానికి తెలుసుకోవాలనిపించింది మాత్రం, పెద్దమ్మ ఏ పార్టీకి వేసిందోనే!