మొహమాటపడకండి అన్న మనిషి

కడియం నర్సరీల్లో తాతాజీ అంటే, మామిడి అంట్లు కట్టే తాతాజీ అని విడమరిచి చెబితేగానీ పక్క నర్సరీ వాళ్ళకి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు చేతిలో ఫోనున్న తెలుగువాళ్ళలో ఆ మొహం తెలియనివాళ్ళు తక్కువ. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. గుండు తల, భుజం మీద తువ్వాలు, చేతిలో సాంబారు గరిటె, రెప్ప వాల్చని కళ్ళు. "మొహమాటపడకండి" అని ఒకే ఒక్క మాట, ప్రాణం లేని గొంతుతో. అంతే. మీరూ ఎవరికో ఒకరికి పంపే ఉంటారు.

ఆ మాట అసలు తాతాజీది కాదు. వాళ్ళావిడ వీరదుర్గది.

తాతాజీ నోట్లోంచి మాట బయటికి రావాలంటే ముహూర్తం పెట్టించాలని ఆవిడ వెక్కిరించేది. ఆవిడ అందుకు పూర్తిగా విరుద్ధం. పగలంతా మొగుడు పనిచేసే నర్సరీలోనే కవర్లలో మట్టి నింపేది. ఊళ్ళో ఎవరింట భోజనాలు జరిగినా కొంగు నడుముకి దోపుకుని బంతిలోకి దిగిపోయేది. మా గోదావరి వైపు వడ్డించడమంటే విస్తట్లో వేసి ముందుకి పోవడం కాదు. ప్రతి విస్తరి దగ్గరా ఆగాలి, తినేవాడి మొహంలోకి చూడాలి, ఇంకో గరిటె వేయించుకునేదాకా బతిమాలాలి. చాలంటూ అతను చెయ్యడ్డం పెడతాడు. ఆ చేతిని నమ్మకూడదు. అడక్కుండా వెళ్ళిపోతే ఆకలి తీరనివాడు కూడా నోరు విప్పడు, సగం కడుపుతో లేచి "బాగుందండి" అనేసి పోతాడు. ఆ తప్పు ఇంటివాళ్ళదే.

"ఏంటండీ ఆ తినడం, మొహమాటపడకండి" అనేది వీరదుర్గ. ఆవిడ అన్న తీరు కాగితం మీద పెట్టడం నావల్ల కాదు. కసిరినట్టూ ఉండేది, ముద్దు చేసినట్టూ ఉండేది. ఎంత బిగదీసుకు కూర్చున్నవాడైనా నవ్వి చెయ్యి తీసేసేవాడు. ఆవిడలో తనకి అన్నిటికన్నా ఇష్టమైంది అదేనని తాతాజీ ఆవిడతో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే రకం కాదు కదా.

కిందటేడు కార్తీకమాసంలో, నర్సరీ షెడ్డులో మట్టి నింపుతూ నింపుతూ వీరదుర్గ పక్కకి ఒరిగిపోయింది. రాజమండ్రి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. తాతాజీ ఏడవలేదు. కాకినాడలో నర్సింగు చదువుతున్న కూతురు హేమశ్రీ వచ్చి మీద పడి ఏడ్చినా, అతనికి కళ్ళు చెమ్మగిల్లలేదు. బండరాయి అని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. బండరాయీ కాదు, పాడూ కాదు. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, గిచ్చినా తెలియదు చూడండి, మనిషి మొత్తం అలా అయిపోయాడు.

పెద్దకార్యం నాడు జనం విస్తళ్ళ ముందు కూర్చున్నాక, నర్సరీ యజమాని శ్యాంబాబు గారు తాతాజీ పక్కకొచ్చి నెమ్మదిగా చెప్పారు.

"తాతాజీ, వచ్చినోళ్ళని ఇంటాయన అడగాలి. ఓసారి బంతిలో తిరుగు."

"ఆయ్, అలాగేనండి."

గరిటె పట్టుకుని దిగాడు. ఏమని అడగాలో తెలియలేదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ పని ఆవిడే చేసింది. అందుకే ఆవిడ మాటే నోటికొచ్చింది. "మొహమాటపడకండి" అన్నాడు మొదటి విస్తరి దగ్గర. పైకి వచ్చింది తన గొంతే అయినా, లోపల ఆవిడ గొంతు వినపడింది. ఇంకోసారి అన్నాడు, ఇంకోసారి వినపడింది. ఆ పూట అతను కింద పడకుండా బంతి చివరిదాకా నడిచింది ఆ గొంతు పట్టుకునే.

వంట చేయించింది మండపేట చిట్టియ్య. చిట్టియ్యకి చేతిలో పనితో పాటు ఫోనులో ఓ పేజీ కూడా ఉంది. చేసిన ప్రతి వంటనీ వీడియో తీసి, పైన ఓ పాట వేసి పెడతాడు. ఆ రోజు చావు భోజనం కదాని పాట వేయకుండా వదిలేశాడు. అది అతని మర్యాద. "ఇల్లాలు పోయినా అతిథిని మరవని గోదారి మర్యాద" అని రాసి మరీ పెట్టాడు. ఇందులో చెడ్డ తలంపేమీ లేదు. పాట లేకపోవడం వల్ల తాతాజీ మాట స్పష్టంగా వినపడింది. అదే కొంప ముంచింది.

ఎవరో హైదరాబాదు కుర్రాళ్ళు ఆ మాట వరకూ కత్తిరించారు. ముందూ వెనకా పోయాయి. రాసిందీ పోయింది. వెనక కుర్చీలో దండేసిన వీరదుర్గ ఫోటో ఉంటే, దాని మీద కళ్ళజోడు పెట్టుకున్న కోడిపుంజును అతికించారు. అక్కడ ఫోటో ఉందని వాళ్ళు గమనించారో లేదో దేవుడికి తెలియాలి. ఇంజనీరింగ్ ఫలితాలు వచ్చిన రోజున, తప్పిన సబ్జెక్టుల జాబితా కింద తాతాజీ మొహం: మొహమాటపడకండి. మన బౌలర్ని అవతలివాళ్ళు చితకబాదుతుంటే తాతాజీ. శుక్రవారం సాయంత్రం పని నెత్తిన పడేసే మేనేజరు తాతాజీ. ఆ తర్వాత వాట్సాప్ స్టిక్కరయింది. వినాయక చవితికి డీజేలో డప్పుల మధ్య ఆ మాట మోగితే పిల్లలు ఎగిరారు. ఆటోల వెనక అద్దాల మీదకెక్కింది. ఓ రోజు నాగపూర్ నుంచి మొక్కలకొచ్చిన లారీ డ్రైవరు, ఒక్క ముక్క తెలుగు రానివాడు, తాతాజీని చూసి దణ్ణం పెట్టి, ఆ మాట ఒక్కటీ తప్పు లేకుండా పలికాడు.

కోపం రావాలి. రాలేదు. హేమశ్రీ ఫోనులో అడిగింది.

"నాన్నా, నీకేం అనిపించట్లేదా?"

"లేదమ్మా. నీకో?"

"నాకూ లేదు. హాస్టల్లో అందరూ పంపుకుంటారు. నువ్వని ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతున్నా."

"పోన్లేమ్మా" అన్నాడు తాతాజీ. పెట్టేశాక కూడా ఫోను చేతిలోనే ఉంచుకుని, మళ్ళీ అంట్ల దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

మనుషులు వచ్చేవారు. బాబాయ్, ఒక్కసారి అనవా అనేవారు. మామిడి మొక్క కొనడానికొచ్చిన పెద్దమనుషులు భార్యని పక్కన నిలబెట్టి, "మా ఆవిడ మీ ఫ్యానండి, ఒక్కసారి" అనేవారు. శ్యాంబాబు గారు హైవే పక్కన అతని బొమ్మతో ఫ్లెక్సీ కట్టించారు, మొహమాటపడకండి, మొక్కలు కొనండి అని. అన్నిటికీ తాతాజీ చెప్పింది ఒకటే, ఆయ్ అని. అడిగిన ప్రతివాళ్ళకీ ఆ మాట అని పెట్టాడు. ఎదుటి మనిషి నోరు తెరిచి అడిగాక కాదనడం అతనికి చేతకాదు. లోకానికంతటికీ మొహమాటపడొద్దని చెప్పిన మనిషి, మొహమాటంతోనే నలిగిపోయాడు. నాకైతే ఇక్కడ నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. ఒక్కరినైనా పొమ్మని ఉంటే బాగుండేది.

ఎందుకంటే ఆ మాట అన్నప్పుడల్లా ఏదో అరిగిపోతోంది. మొదట్లో తన గొంతు వెనక ఆవిడ గొంతు వినపడేదని చెప్పాను కదా. వేసవి వచ్చేసరికి అది ఎక్కడో పక్కింట్లోంచి వచ్చినట్టు వినపడింది. వానలు పడేనాటికి, చెవి పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. పనిలో ఉండగా తనకి తానే ఆ మాట అనుకుంటే, ఆటోల్లో వినపడేదే తలలో మోగేది. వీరదుర్గ పోయిందన్నది అతని లోపలికి ఇంకా దిగనేలేదు. ఆ గొంతు కూడా పోతే, ఆవిడది తన దగ్గర ఇంకేం మిగలదని మాత్రం తెలిసింది. ఏడాదిలో అతనికి కలిగిన భయం అదొక్కటే.

అందుకే ఓ ఆదివారం బస్సెక్కి మండపేట వెళ్ళాడు. వీరదుర్గ వడ్డించిన భోజనాలు చిట్టియ్య చాలా తీశాడు.

"మా ఆవిడ మాట ఎక్కడైనా ఉందేమో చూస్తారాండీ?"

చిట్టియ్య అప్పటికే సిగ్గుతో సగం అయిపోయి ఉన్నాడు. గబగబా వెతికాడు. దొరికింది. వీరదుర్గ, కొంగు దోపుకుని, పప్పు గిన్నె చంకనెత్తుకుని, ఎవరిదో చెయ్యి తోసేస్తూ నవ్వుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఏ మాటంటోందో తాతాజీకి పెదాలు చూస్తేనే తెలిసింది. పైన సన్నాయి పాట మోగుతోంది.

"పాట తీసేస్తే?"

"తీయడం కుదరదండి. పాట వేశాక లోపలి మాట చెరిగిపోద్ది. అసలు వీడియోలేమో ఫోను నిండిపోతోందని ఎప్పటికప్పుడు తీసేస్తానండి." చిట్టియ్య ఫోను బోర్లించేశాడు. "తాతాజీ గారూ, ఆ రోజు నేను మంచనుకునే పెట్టానండి."

"తెలుసండి" అన్నాడు తాతాజీ. చిట్టియ్య భార్య కాఫీ ఇచ్చింది, తాగాడు. ఇంకొంచెం పొయ్యమంటారా అంటే పోయించుకున్నాడు.

సంవత్సరీకం వచ్చింది. ఈసారి పెద్దకార్యానికి వచ్చినవాళ్ళే కాదు, తెలియనివాళ్ళు కూడా వచ్చారు. బంతిలో సగంమంది విస్తరి పక్కన ఫోను నిలబెట్టుకుని కూర్చున్నారు. తాతాజీ గరిటె పట్టుకున్నాడు. ఆ మాట ఇక అనకూడదని ముందు రాత్రే నిశ్చయించుకున్నాడు. అనకుండా ఉంటే, కాస్తో కూస్తో మిగిలింది అరిగిపోకుండా ఉంటుందేమోనని ఆశ. మొదటి విస్తరిలో పప్పు వేశాడు. ముందుకి వెళ్ళాడు. రెండో విస్తరిలో వేశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఫోనులు ఎత్తి పట్టుకున్నవాళ్ళు కాసేపు చూసి దించేశారు. అడగనిదే మళ్ళీ వేయించుకోవడం మావాళ్ళకి రాదు. పెద్దవాళ్ళు కూడా పెరుగు దాకా రాకుండానే చేతులు దులుపుకున్నారు. "బాగుందండి" అంటూ లేచారు.

వంటపాకలో అన్నం గుండిగలు సగానికి సగం అలాగే ఉండిపోయాయి. వీరదుర్గ పేరు చెప్పి పిలిచిన భోజనంలో జనం ఆకలితో లేచారు. తాతాజీ ఒక్కో గుండిగ మూతా తీసి చూశాడు.

ఇంటాయన అందరి తర్వాత తినాలి. హేమశ్రీ విస్తరి వేసి కూర్చోబెట్టింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది, గారె వేసింది. రెండు ముద్దలు తిని తాతాజీ చెయ్యడ్డం పెట్టాడు.

"చాలమ్మా."

గరిటె పట్టుకుని ఆ పిల్ల అలాగే నిలబడింది. పొద్దుటినుంచీ తండ్రి ఏం తినలేదని తెలుసు. ఇప్పుడేం అనాలో కూడా తెలుసు.

"మొహమాటపడకండి" అంది.

చప్పగా, చదునుగా, ప్రాణం లేకుండా వచ్చింది. అచ్చం స్టిక్కర్లో ఉన్నట్టే. హేమశ్రీ తుళ్ళిపడి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. మళ్ళీ అనబోయి ఆగిపోయింది.

"నాన్నా, అమ్మ ఎలా అనేది? నాకు రావట్లేదు. ఒక్కసారి అనవా, అమ్మలాగా?"

తాతాజీ కూతురి మొహంలోకి చూశాడు. నోరు తెరిచాడు. లోపల వెతికాడు, వంటపాకలు, పెళ్ళి పందిళ్ళు, ఆవిడ నడుముకి దోపిన కొంగు, అన్నీ కనపడ్డాయి. వినపడలేదు. "మొహమాటపడకండి" అన్నాడు. వచ్చింది తన గొంతే, వెనక ఎవరూ లేరు.

అప్పుడు ఏడ్చాడు తాతాజీ. విస్తరి ముందు, ఎంగిలి చెయ్యి గాల్లోనే పట్టుకుని, పెద్దగా, ఇల్లంతా వినపడేటట్టు ఏడ్చాడు. హేమశ్రీ గరిటె పక్కన పెట్టి అతని పక్కనే నేల మీద కూర్చుంది.