ఆమెకు నొప్పి ఎక్కడ?

నీ భార్యకు ఒంట్లో ఎక్కడ నొప్పో, ఆమెను అడగకుండా చెప్పగలవా?

ఈ రోజు మన చర్చికి వచ్చే గౌడవెల్లి నర్సింలునూ, పుట్టింటికి వెళ్లిపోతానంటున్న అతని భార్య సుజాతనూ మేడ్చల్‌లో కౌన్సెలింగ్ చేసే మేడం దగ్గరికి తీసుకెళ్లాను. మేడం మాట్లాడటం అయ్యాక నాలుగు మాటలు గట్టిగా చెబుదామని పరిశుద్ధ గ్రంథం చంకలో పెట్టుకున్నాను. సుజాతకు ఏళ్లుగా నొప్పి. ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. ఒళ్లూ మనసూ కాపురమూ విడదీసి చూడనంది మేడం. నర్సింలు వైపు తిరిగి, "మీ ఆమెకు నొప్పి ఎక్కడో చెయ్యి పెట్టి చూపించండి" అంది.

అతని చెయ్యి భుజం దాకా వెళ్లి, నడుము దగ్గరికి వచ్చి, గాలిలోనే ఆగిపోయింది.

"నాకెర్క లేదు మేడం."

"జీడిమెట్ల కంపెనీల మిషన్‌కు యాడ సప్పుడొస్తాందో జల్దీ సెప్తడు మేడం," అంది సుజాత. "నాకు యాడ నొస్తాందో ఒక్కనాడన్న అడగలే. ఇగ సాలు."

సంచి తీసుకుని పుట్టింటికని శామీర్‌పేట బస్సెక్కేసింది. నర్సింలు రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. గంటలకొద్దీ ప్రసంగించే నేను గ్రంథం తెరవనేలేదు.

అన్నలారా, ప్రార్థన కాసేపు ఆగుతుంది. ముందు లేచి వంటింట్లోకి వెళ్లి అడగండి. ఏం చెప్పిందో ఇక్కడ గ్రూపులో రాయండి. రేపు కాదు, ఈ పూటే, ఆమె ఇంకా ఇంట్లో ఉండగానే!