మామిడి చిగురు రంగు బండి

కరోనా తగ్గి, రోడ్ల మీద బండ్లు మళ్లీ నిండుగా తిరగడం మొదలైన మరుసటి ఏడాది సంగతి ఇది. వేలూరు నుంచి బెంగళూరు పోయే హైవే మీద, పళ్ళికొండ దగ్గర గుడియాత్తం రోడ్డు చీలేచోట నా పెయింటింగ్ షెడ్డు ఉంది. ఇరవై ఆరేళ్లుగా బండ్లకు రంగులు వేయడమే నా పని. లారీలు, స్కూలు బస్సులు, పాల వ్యాన్లు ఎన్ని చేశానో లెక్కలేదు. మోటర్‌హోమ్‌కు మాత్రం నా జన్మలో ఒక్కసారే రంగు వేశాను. సరిగ్గా చెప్పాలంటే ఒకే బండికి రెండుసార్లు వేశాను.

మోటర్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. వ్యాను చాసిస్ మీద పొడుగాటి పెట్టెలా బాడీ కట్టి, లోపల మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, ఒక మూల బాత్‌రూం అమరుస్తారు. వినాయక చవితి దాటిన వారం జయరామ నాయుడు తెచ్చిన బండి అలాంటిదే. పదిహేనేళ్లు పైబడినది. బెంగళూరులో ఎవరో టూరిస్టులకు అద్దెకు తిప్పి వదిలేసినది. ఒంటి నిండా గోధుమరంగు, దాని మీద అలల్లాంటి వెండి స్టిక్కర్లు, ఎండకు పొట్టు లేచిన పెద్ద పెద్ద అక్షరాలు.

నాయుడిది గుడియాత్తం పక్కన పల్లె. తరాలుగా అక్కడే ఉన్న కుటుంబం, మామిడితోట వాళ్లది. అరవై దాటినా మనిషి గట్టిగా ఉండేవాడు. వెంట భార్య వసంతక్క వచ్చింది.

"మేస్త్రీ, దీన్ని చూసి పాత బండి అని ఎవురూ అనకూడదు" అన్నాడు. "ఆయమ్మ పెండ్లై వచ్చినాక తోట వదిలి ఒక్క రాత్రన్నా బయట పండుకోలేదు. షుగరు. ఓటలు కూడు పడదు, సూది మందు చల్లంగా ఉండల్ల. దీంట్లో అయితే ఫ్రిజ్ ఉండాది, అన్నీ ఉండాయి. కన్యాకుమారి చూసుకోని, అట్లే కేరళ మీద కొడగు దాకా పోయి వస్తాం. ఆయుధపూజకి ఇచ్చేయల్ల. పూజ చేసి అట్లే బయలుదేరతాం. సీక్కిరం చేసియ్యప్పా."

సీక్కిరం, అంటే త్వరగా, అనని గిరాకీని నేను ఇంతవరకూ చూడలేదు. "అట్లనే అన్నా" అన్నాను.

పాత మోటర్‌హోమ్‌కు రంగు ఎంచడం కొత్త కారుకు ఎంచినట్లు కాదు. నాయుడు ముదురు నీలం కావాలన్నాడు, మీద బంగారు చారలు. ముదురు రంగు ఎండను లాగుతుంది, లోపల మనుషులు పడుకోవాలి. పైగా మెరిసే ముదురు రంగు కింద పాత బాడీ మీది ప్రతి సొట్టా అద్దంలో కనబడినట్లు కనబడుతుంది. బండంతా ఒకే రంగు వేస్తే సరుకుల కంటైనర్ మాదిరి ఉంటుంది. కాబట్టి కిటికీల కింది అంచు దగ్గర రెండుగా విడదీసి, పైన లేత రంగు, కింద కాస్త బరువైన రంగు వేస్తే ఎత్తు తగ్గినట్లు ఉంటుంది, దుమ్మూ తెలియదు. ఇదంతా చెప్పి షేడ్ కార్డు, అంటే రంగుల నమూనాల పుస్తకం, ఆయన చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని భార్యకు ఇచ్చాడు.

"నేను చెప్పేది కాదు. నువ్వే చెప్పు వసంతా."

ఆమె ఆ కార్డును ముక్కు దాకా తెచ్చుకుని, తల ఒక పక్కకు వంచి, కోడి ఒంటికంటితో గింజను చూసినట్లు చూసింది.

"కండ్లద్దాలు మరిచిపోయినారా అక్కా?" అన్నాను.

"ఇది అద్దాలకి అందేది కాదులే నాయనా" అని నవ్వింది. నేనూ నవ్వాను. అడగవలసిన మాట అప్పుడే అడిగి ఉండవచ్చు. అడగలేదు.

కార్డులో ఏదీ ఆమెకు నచ్చలేదు. వారం తర్వాత మళ్లీ వచ్చినప్పుడు తడిగుడ్డలో చుట్టి ఒక మామిడి కొమ్మ తెచ్చింది. అప్పుడే విచ్చిన చిగురు.

"పైన మీగడ రంగు వెయ్యి. కింద ఈ రంగు వస్తాదా అప్పా?"

మామిడి చిగురు రంగు ఏ పుస్తకంలోనూ లేదు. అది ఎరుపు కాదు, గోధుమ కాదు, రాగి కాదు. వెలుగు ఆకులోంచి దూరి రావడం వల్ల కలిగే రంగు అది. వేలూరులో రంగులు కలిపే అంగడికి తీసుకుపోతే, అక్కడి మెషిన్ ఆ ఆకును చదివి చెప్పిన రంగు ఎండిన చింతపండులా వచ్చింది. నాకు పంతం పెరిగింది. నా చేత్తోనే కలుపుతానని చెప్పి డబ్బాలు ముందు వేసుకుని కూర్చున్నాను. రేకు ముక్కల మీద వేసి ఎండబెట్టడం, చిగురు పక్కన పెట్టి చూడడం, పారేయడం. నా ఇరవై ఆరేళ్ల పనిలో ఎవరూ నన్ను ఇంత కష్టమైనది అడగలేదు. ఆ సంతోషంలో ఉన్నాను నేను.

బండి పని కూడా అనుకున్నట్లు జరగలేదు. పాత రంగు గీకితే కిటికీ రబ్బర్ల కింద, వెనక చక్రాల పైన రేకు తుప్పు పట్టి జల్లెడలా ఉంది. ఆ ముక్కలు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, ప్రైమర్ కొట్టాను. ప్రైమర్ అంటే రంగు రేకును పట్టుకోవడానికి ముందుగా వేసే బూడిదరంగు పూత. అంతలో వానలు పట్టుకున్నాయి. గాలిలో తడి ఉన్నప్పుడు స్ప్రే చేస్తే రంగు పాలిపోతుంది.

ఆయుధపూజ నాటికి బండి ఇంకా బూడిదరంగులోనే ఉంది. పొద్దున్నే ఇద్దరూ పూలహారం, గుమ్మడికాయ తీసుకుని వచ్చారు. నాయుడు బండి చుట్టూ ఒకసారి తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, ఇట్లనే తీసుకోని పోతాం. వచ్చినాక రంగు వేస్తువు."

"ప్రైమర్ మీద వాన పడితే నీళ్లు తాగేస్తుందన్నా. చేసిందంతా పాడైపోతాది. ఇంకొక నెల ఆగండి. నా చేతిలో నుంచి అరకొర బండి ఎప్పుడూ బయటికి పోలేదు."

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. నాలుగడుగుల దూరంలో వసంతక్క స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె వైపు చూసి, "సరే, ఆగుతాంలే" అన్నాడు. బండికి హారం వేసి, గుమ్మడికాయ కొట్టి, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయారు.

కార్తీకం సగానికి వచ్చేసరికి నాకు ఆ రంగు దొరికింది. రాగి ఎరుపులో చుక్క పసుపు, అరచుక్క నలుపు, పైన వేసే క్లియర్ కోట్‌లో, అంటే ఆఖరి పారదర్శకపు పూతలో, కంటికి ఆననంత గులాబీ. చిగురు పక్కన పెడితే ఏది ఆకో ఏది రేకో చెప్పలేనట్లు వచ్చింది. వెంటనే ఫోన్ చేసి రమ్మన్నాను. టేబుల్ మీద రెండు రేకు ముక్కలు పెట్టాను, ఎడమవైపు ఇది, కుడివైపు కాస్త ఎరుపెక్కువైన పాతది. రాగానే ఎడమా కుడీ చూసి ఎంచుకోమన్నాను. వాటి ముందు, ప్రైమర్ మాత్రమే వేసిన ముక్క ఒకటి పడి ఉంది.

నాయుడు టీ తీసుకురావడానికి రోడ్డు దాటాడు. వసంతక్క టేబుల్ దగ్గరికి వచ్చి చేయి చాపింది. ముందుగా చేతికి తగిలిన ముక్క తీసుకుంది. వేళ్లతో తడిమింది.

"ఇదే నాయనా. అచ్చం మా తోట చిగురే."

ఆమె చేతిలో ఉన్నది బూడిదరంగు ప్రైమర్ ముక్క.

నేను మాట్లాడకపోయేసరికి ఆమె ముఖం మారింది. ముక్కను మెల్లగా కింద పెట్టింది.

"తప్పు తీసినానా?"

"అక్కా..."

"ఒక కన్ను పోయినేడే పాయ. రెండో దాంట్లో పోయిన నెల రక్తం పడింది. షుగరుకి అట్లయితాదంట. ఇంక రాదని డాక్టరమ్మ చెప్పేసింది. ఆయన మందుల లైన్లో ఉన్నాడప్పుడు. నేనే చెప్పుకుంటాలే తల్లీ అని ఆయమ్మని బతిమలాడుకున్నా."

"అన్నకి తెలీదా?"

"మసకమసకగా కనపడతాదనే అనుకుంటా ఉండాడు. ఇంట్లో నాకి గోడలు తెలుసు, గిన్నెలు తెలుసు. నడిచిపోతాది." నా చేయి కోసం వెతికి పట్టుకుంది. "ఈ బండి మీదనే పానం పెట్టుకోని ఉండాడు. చెప్పబాకప్పా. ఏది బాగుండాదో నువ్వు చెప్పు, నేను అదే అంటా. ఎడమ పక్కదా, కుడి పక్కదా?"

నాయుడు టీ గ్లాసులతో రోడ్డు దాటి వస్తున్నాడు.

"ఎడమ పక్కది" అన్నాను.

ఆయన రాగానే ఆమె, "ఎడమ పక్కది సరిగ్గా ఉండాది చూడు" అంది. ఆయన ఆ రేకును ఎండలోకి ఎత్తి పట్టుకుని, "మేస్త్రీ, నువ్వు మనిషివి కాదప్పా" అని నా భుజం చరిచాడు.

ఆ తర్వాత మూడు వారాలు నేను పనిచేసిన తీరు నాకే తెలుసు. మీగడ రంగు, చిగురు రంగు కలిసే గీత మీద వెంట్రుకవాసి తేడా రాకుండా మాస్కింగ్ టేపు అంటించుకుంటూ, ఎవరి కోసం ఇది అనుకునేవాణ్ణి. ఆయుధపూజ రోజు ఆ బండి వెళ్లి ఉంటే ఆమె సముద్రం చూసేది. తుప్పు ఉంటే ఉండేది, బూడిదరంగు ఉంటే ఉండేది. కిటికీలోంచి బయటికి చూసే మనిషికి బండి ఒంటి మీద ఏ రంగు ఉంటే ఏమిటి?

ధనుర్మాసం మొదలయ్యాక బండి సిద్ధమైంది. ఆర్.సి. బుక్కులో రంగు మార్పు కూడా రాయించాను. ఆ రోజు షెడ్డు ముందు కుడివైపు వాళ్ల బండి, ఎడమవైపు ఒక పాల వ్యాను ఉన్నాయి. నాయుడు భార్యను ఆటోలోంచి దించి, వాకిట్లో నిలబెట్టి, వెనక్కి జరిగాడు.

"ఇప్పుడు చూడు వసంతా. ఎట్లుండాది?"

ఆమె పాల వ్యాను వైపు తిరిగి నిలబడింది. దాని వైపే తల ఎత్తి, ముఖమంతా నవ్వుతో, "అబ్బ, మామిడి చిగురే! ఎంత బాగుండాది!" అంది.

పాల వ్యాను నీలంగా ఉంది.

నాయుడి ముఖంలో నవ్వు అట్లాగే కొంతసేపు నిలిచి, తర్వాత పోయింది. ఆయన ఆమెను చూశాడు, వ్యాన్‌ను చూశాడు, నన్ను చూశాడు. నా దగ్గరికి వచ్చి, ఆమెకు వినబడనంత చిన్నగా అడిగాడు.

"నీకి తెలుసునా?"

తల ఊపాను.

"ఎప్పటి నుంచి?"

"కార్తీకంలో తెలిసిందన్నా. అంతకు ముందు నెలే చూపు పోయిందంట."

"ఆయుధపూజకి ఉన్నింది కదా" అన్నాడు. "చూపు పోకముందే ఏం చూపించల్లన్నా సీక్కిరం చూపించేయండి, అని డాక్టరమ్మ ముందే చెప్పినాది మేస్త్రీ. ఆ పొద్దు నీకి చెప్పేద్దామనే వచ్చినా. ఆమె వింటా ఉన్నింది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. భార్య దగ్గరికి పోయి, భుజాలు పట్టి మెల్లగా ఆమెను తన బండి వైపు తిప్పాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఆయన ఆమె చేతిని పట్టి మెట్టు చూపించి ఎక్కించాడు, బండి హైవే మీదికి పోయింది.

ఆషాఢంలో నాయుడు ఒక్కడే ఆ బండిని తెచ్చాడు. గీత కూడా పడలేదు దాని మీద.

"అమ్మేస్తా ఉండా. కొనేవాళ్లకి తెల్ల రంగు కావాలంట" అన్నాడు.

"ప్రయాణం పోయినారా అన్నా?"

"మదురై దాకా పోయినాం. అది కనపడతాది, ఇది కనపడతాది అని నేను చెప్తానే ఉండల్ల, ఆమె వింటానే ఉండల్ల. రెండోరోజు, ఇంటికి పోదాం పా అనింది. యాడ చూసినా తెలీని గోడలే, తట్టుకోని పడతా ఉండా అనింది." ఆయన బండి మీద చేయి వేసి, వెంటనే తీసేశాడు. "తోటలో చిగురు వేసినప్పుడు నేను ఆ పక్క పోను మేస్త్రీ. దీన్నైనా కనపడకుండా చెయ్యి."

కింద రేకు బాగానే ఉంది కాబట్టి గీకే పని లేదు. నీళ్లతో తడిపిన ఎమరీ కాగితంతో పైపైన రుద్ది, రెండు పూతలు తెలుపు కొట్టాను. నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆ నాలుగు రోజులే నన్ను ఇప్పటికీ కాల్చేది. పైపైన రుద్ది ఏదో ఒక రంగు కొట్టి పంపాలనుకుని ఉంటే ఆయుధపూజకు చాలా ముందే పంపగలిగేవాణ్ణి.

ఇప్పుడు షెడ్డుకు ఏ బండి వచ్చినా రంగు సంగతి తర్వాత మాట్లాడతాను. యాడికి పోతా ఉండారు, ఎవరు పోతా ఉండారు, ఎప్పటిలోగా పోవల్ల అని ముందు అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు నిజం చెప్పరు, నాయుడు చెప్పలేకపోయినట్లే. పనిని బాగా చేయడమే పని అని నమ్మినవాణ్ణి నేను. అవతలి మనిషి దగ్గర ఎంత కాలం మిగిలిందో తెలుసుకోవడం కూడా పనిలో భాగమేనని ఆ బండి నాకు నేర్పింది, అయితే నేర్చుకున్నది దానికీ, వసంతక్కకూ పనికిరాలేదు. నా చేతి పనిలో అంతకంటే మంచిది ఇంకొకటి లేదు. చూడవలసిన మనిషి దాన్ని చూడలేదు. చూసినవాళ్లం ఇద్దరం కలిసి దాన్ని తెల్లగా కప్పేశాం.