ఎంతొస్తే చాలండీ?

అచ్యుతరావు గారికి ఒకే ఒక్క జబ్బు ఉంది. కొత్తగా ఎవరు కనిపించినా రెండో మాటగా "మీకు నెలకి ఎంతొస్తే చాలండీ?" అని అడుగుతారు. మొదటి మాట "భోజనమైందాండీ". మా వైపు జీతమెంతని అడగడం తప్పేమీ కాదు, బస్సులో పక్క సీటాయన కూడా అడుగుతాడు. మనమూ ఓ రెండు వేలు కలిపి చెప్పి ఊపిరి పీల్చుకుంటాం. కానీ ఎంత వస్తోందని కాకుండా ఎంతొస్తే చాలని అడిగితే ఏం చెప్పాలి? ఎక్కువ చెబితే ఆశపోతులమంటారు, తక్కువ చెబితే చేతకానివాళ్లమంటారు. అందుకే చాలామంది ఆయనతో భోజనమైందని చెప్పి, మోగని సెల్‌ఫోను చెవికి ఆనించుకుని పక్కకి వెళ్లిపోయేవారు.

పెదవేగి దగ్గర మా పామాయిల్ ఫ్యాక్టరీలో ఆయన కాటా ఆపరేటరు. రైతులు ట్రాక్టర్ల మీద గెలలు తెస్తారు. ట్రాక్టరు గెలలతో ఒకసారి కాటా ఎక్కుతుంది, దింపేశాక ఖాళీగా ఇంకోసారి ఎక్కుతుంది. ఆ రెండింటి తేడా గెలల బరువు. కాటా పక్కన చిన్న గదిలో, గాజు కిటికీ వెనక, ఆయన పంతొమ్మిదేళ్లుగా కూర్చున్నారు. నేను అదే ఫ్యాక్టరీలో నూనె శాంపిళ్లు పరీక్ష చేసే ల్యాబ్ అసిస్టెంటుని. నా పేరు సౌజన్య. మాది కొల్లేరు పక్క ఊరు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే గేటు పాసు మీద సంతకానికి ఆయన దగ్గరికి పంపారు.

"భోజనమైందామ్మా?"

"అయిందండీ."

"మీకు నెలకి ఎంతొస్తే చాలమ్మా?"

ఈయనెవరో జీతాలు పెంచే పెద్దాయన అనుకున్నాను. ధైర్యం చేసి "ముప్పై వేలండీ" అన్నాను.

"ముప్పైతో ఏం చేస్తారమ్మా?"

"ఏదో ఒకటి చేస్తానండీ."

"అయితే అది చాలినంత కాదమ్మా, నోటికొచ్చినంత. తాపీగా లెక్క చూసుకుని చెప్పండి, తొందరేం లేదు" అని సంతకం పెట్టి ఇచ్చారు. ఆయన జీతాలు పెంచే మనిషి కాదని, గెలలు తూచే మనిషని క్యాంటీన్‌లో తెలిసింది. వారం రోజులు ఆయన మీద కోపంగా ఉన్నాను. ఎనిమిదో రోజు రాత్రి నాకు తెలియకుండానే కాగితం తీసి లెక్క వేసుకున్నాను. పదిహేను వేలు తేలింది. నాకు వస్తున్నది పన్నెండున్నర.

ఆయన ప్రశ్నకి వేళాపాళా ఉండేది కాదు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి ఏలూరులో ఎడ్విన్ గారనే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. మత్తు సూది పొడిచి, చిగురు మొద్దుబారేదాకా ఆగమన్నారు డాక్టరు గారు. ఆ ఖాళీలో మన అచ్యుతరావు గారు ఊరుకుంటారా? మిగతా కథ వాళ్లావిడ సుందరమ్మ గారు చెప్పాలి.

"మూతి వంకర పోయి ఉందమ్మాయ్, అయినా అడిగారు. ఆ డాక్టరు గారు నవ్వేసి ఊరుకోక ఆలోచనలో పడ్డారు. పట్టకారు చేత్తో పట్టుకుని, లక్షయితే చాలు, కాదు, ఎక్స్‌రే మిషను వాయిదా ఉంది కాబట్టి లక్షన్నర, మా అబ్బాయి హాస్టలు కలిపితే ఇంకాస్త అంటూ గది చుట్టూ తిరిగారు. ఆయన లెక్క తేలేలోపు ఈయన మత్తు దిగిపోయింది. రెండో సూది వేయాల్సొచ్చింది."

ఆరు నెలలకి, అప్పటిదాకా ఆదివారాలు కూడా తెరిచి ఉండే ఆ ఆసుపత్రి ముందు 'ఆదివారం సెలవు' అని బోర్డు కట్టారట. అచ్యుతరావు గారు పంటి నొప్పి లేకపోయినా పనిగట్టుకుని ఏలూరు వెళ్లి ఆ బోర్డు చూసి వచ్చారు.

మేనల్లుడు చరణ్‌తేజ పెళ్లిచూపులకి గణపవరం వెళ్లినప్పుడూ ఇదే తంతు. అమ్మాయి తరఫువాళ్లు అబ్బాయి జీతం గురించి మొదలుపెట్టారు. అబ్బాయి మేనమామ హోదాలో ఈయన పెళ్లికూతురి వైపు తిరిగి "అది సరేనండీ, అమ్మా రమ్యశ్రీ, మీకు నెలకి ఎంతొస్తే చాలమ్మా?" అన్నారు. సుందరమ్మ గారు అక్కడున్న జంతికలన్నీ ఆయన ప్లేట్లో వేసేశారు, నోరు ఖాళీ లేకుండా. కానీ ఆ పిల్ల గట్టిది. "నాకు ఎంత చాలో నాకు తెలుసండీ. మీ అబ్బాయికి ఎంతయితే చాలో ముందు చెప్పించండి. అది తెలియనివాళ్లతో కష్టం" అంది. చరణ్‌తేజ వారం గడువు అడిగి, శుక్రవారానికి లెక్క పంపించాడు. సంబంధం కుదిరింది. అయినా సుందరమ్మ గారు అప్పటినుంచి ఆయన్ని ఏ పెళ్లిచూపులకీ తీసుకెళ్లలేదు.

మరి ఆయనకి ఎంత చాలు? ఆయన జీతం ఇరవై నాలుగు వేలు. "నాకు చాలండీ" అనేవారు. మాటవరసకి కాదు, నిజంగానే. ఫ్యాక్టరీ జీఎం ఫణీంద్ర గారు ప్రతి ఏప్రిల్‌లో ఆయన్ని యార్డు సూపర్‌వైజరు చేస్తానని పిలిచేవారు. ముప్పై ఆరు వేల జీతం, పై అంతస్తులో ఏసీ గది. ఆ పోస్టు నింపకుండా ఆరేళ్లు అలాగే ఉంచారు పాపం. ఈయనేమో ఏప్రిల్ వస్తోందంటే వణికిపోయేవారు. మొదటి ఏడు జ్వరమన్నారు. రెండో ఏడు ఏసీ పడదన్నారు. మూడో ఏడు తిరిగే కుర్చీలో కూర్చుంటే కళ్లు తిరుగుతాయన్నారు. తిరగని కుర్చీ వేయిస్తామంటే, నాలుగో ఏడు చింతలపూడిలో చుట్టాలింట్లో దాక్కున్నారు. జీఎం గారు పని మీద చింతలపూడి వెళ్లి, బజార్లో ఆయన్ని చూసి కారు ఆపారు. ఈయన పక్కనున్న బట్టల కొట్లోకి దూరి, అవసరం లేకపోయినా రెండు లంగాగుడ్డలు కొనుక్కుని వచ్చారు.

"జీతం పెరుగుతుంటే పారిపోతారేంటండీ?" అని నేనే ఒకసారి అడిగాను.

"చాలినదానికి పైన వచ్చేది ఊరికే రాదమ్మా, మన దగ్గరనుంచి ఏదో ఒకటి పట్టుకెళ్తుంది. ఇక్కడ రోజుకి వంద మంది రైతులు కిటికీ దగ్గరికొచ్చి బాగున్నారా అంటారు. పైన గదిలో నన్నెవరు పలకరిస్తారు? ఫ్యానా? అదీ లేదు, ఏసీ."

ఆ కాటా గది అంటే ఆయనకి అంత ప్రేమ. మైకులో అందరినీ అండీ అనే పిలుస్తారు. డ్రైవరు గెలల బండిని కాటా ఎక్కించి దిగిపోయి, ఖాళీ బండి తూచేటప్పుడు మాత్రం దర్జాగా సీట్లో కూర్చుంటే, అతని బరువంతా రైతు గెలల్లోంచి పోతుంది. ఆ సంగతి చాలామంది రైతులకి తెలియదు. ఈయనకి తెలుసు. "రాంబాబు గారండీ, దిగితే రెండుసార్లూ దిగండి, కూర్చుంటే రెండుసార్లూ కూర్చోండి" అని మైకులో బతిమాలేవారు. రాంబాబు కొంటెవాడు. "రెండుసార్లూ కూర్చున్నానండీ, కాకపోతే మధ్యలో ఎనిమిది ఇడ్లీలు తిన్నాను. అవెవరి ఖాతాలోకండీ?" అన్నాడు. అచ్యుతరావు గారు ఇడ్లీ బరువెంతుంటుందో నిజంగానే ఆలోచించారు. కాటా పది కిలోలకి తక్కువ చూపించదు కాబట్టి ఆ రోజు గండం గడిచింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు కాటా నేను చూసేదాన్ని. మొదట మొహమాటానికి ఒప్పుకున్నాను. తరవాత ఆ గంట కోసం పొద్దుటినుంచీ ఎదురుచూసేదాన్ని. ల్యాబ్‌లో గాజు సీసాలు తప్ప మాట్లాడేవాళ్లుండరు. ఇక్కడ ఎవరి తోట ఎలా ఉందో, ఎవరింట్లో గేదె ఈనిందో అన్నీ కిటికీలోంచి లోపలికి వచ్చేవి.

అలాంటి రోజుల్లో మా ఇంట్లో లెక్క తలకిందులైంది. నాన్న చెరువుల్లో వల లాగే పని చేసేవారు. నడుం పట్టేసి, ఇక నీళ్లలో దిగొద్దన్నారు డాక్టరు. చెల్లి మానస ఏలూరులో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. నా పన్నెండున్నరతో ఇల్లు గడవాలా, దాని ఫీజు కట్టాలా? తాడేపల్లిగూడెంలో ఒక ఫైనాన్స్ కంపెనీలో ఇరవై ఆరు వేల ఉద్యోగం ఉందంటే, వారం సెలవు పెట్టి ట్రైనింగుకి వెళ్లాను. వాయిదాలు కట్టనివాళ్లకి ఫోన్లు చేయడం పని. గొంతు కటువుగా ఉండాలని నాలుగు రోజులు నేర్పించారు. అయిదో రోజు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి ఒక నంబరిచ్చారు.

"జగ్గయ్య గారేనా? మీ వాయిదా మూడు నెలలుగా..."

"ఎవరూ, మన సౌజన్యేనా? గొంతు అలా ఉందేంటమ్మా, జలుబు చేసిందా? నాన్న నడుం ఎలా ఉంది?"

మా వీధి చివర జగ్గయ్య బాబాయి. నాన్న నడుం గురించి, మందుల గురించి పావుగంట మాట్లాడుకున్నాం. మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో కూడా చెప్పాడు. వాయిదా సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. మేనేజరు మాత్రం అంతా విని, ఒకటో తారీఖున చేరేలోపు గొంతు మార్చుకోమన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అయినా చేరాలనే అనుకున్నాను. మానస చదువు మధ్యలో ఆగిపోతే నేను తట్టుకోలేను.

సోమవారం ఫ్యాక్టరీకి వచ్చి అచ్యుతరావు గారికి చెప్పాను, ఒకటో తారీఖున మానేస్తున్నానని. కషాయం దాకా మొత్తం చెప్పాను. నవ్విస్తూ చెబుదామనుకున్నాను కానీ కుదరలేదు.

"మీకు ఎంతొస్తే చాలమ్మా?" అన్నారు.

అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. "పద్దెనిమిదండీ. ఒక్క రూపాయి ఎక్కువొద్దు. ఇంటికి తొమ్మిది, మానసకి ఏడున్నర, బస్సులకీ మందులకీ ఒకటిన్నర. చెప్పాను కదండీ, ఇక ఇస్తారా?" అన్నాను.

ఆయన కిటికీ బయట ఆగిన ట్రాక్టరుకి చీటీ రాసిచ్చారు.

మర్నాడు జీఎం గారు నన్ను పైకి పిలిచారు. ఫణీంద్ర గారి మొహంలో నవ్వు, కంగారు రెండూ కలిసి ఉన్నాయి.

"నిన్న సాయంత్రం అచ్యుతరావు గారొచ్చి, ఆ సూపర్‌వైజరు పోస్టు ఇంకా ఖాళీగానే ఉందాండీ అన్నారమ్మా. నాకు భయం వేసింది. ఒంట్లో బాగానే ఉందాండీ అనడిగాను. బాగానే ఉంది, నేను పైకొస్తాను, కాటా సీటు మాత్రం ల్యాబ్ సౌజన్య గారికివ్వండి, పని బాగా తెలుసు అన్నారు. ఆ సీటుకి మొదటి జీతం పద్దెనిమిదిన్నర. చేస్తావా?"

సాయంత్రం చెబుతానని చెప్పి కిందికి దిగి, గేటు బయట సూరమ్మ గారి టీ బడ్డీ దగ్గర కూలబడ్డాను. ఆవిడ దగ్గర ఏదీ దాచలేం. అంతా విని, గ్లాసు చేతికిచ్చి అంది:

"నన్నూ అడిగారమ్మా, ఈ బడ్డీ పెట్టిన కొత్తలో. రోజుకి నాలుగొందలు మిగిలితే చాలని చెప్పా. అప్పట్లో ట్రాక్టర్ల లైను అదిగో, ఆ గోడ వైపు ఉండేది. ఇటొచ్చి టీ తాగేవాడు లేడు. వారం తిరిగేసరికి లైను ఇటు మార్పించారు. గోడ వైపు ఎండని ఆఫీసులో చెప్పారంట. ఎండ ఇటే ఎక్కువ. ఆయన అడిగేది ఊసుపోక అనుకుంటారమ్మా అందరూ."

నేనూ అలాగే అనుకున్నాను. రెండేళ్లు ఆయన వెనక నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నాకు సిగ్గేసింది.

కాటా గదికి వెళ్లేసరికి ఆయన సొరుగు సర్దుకుంటున్నారు.

"నాకొద్దండీ. మీకు ప్రాణమైన సీటు నాకోసం వదులుకోవడం ఏం బాగుంటుందండీ?" అన్నాను.

"కూర్చోండమ్మా" అన్నారు. ఆయన మాత్రం నిలబడే ఉన్నారు. "డబ్బు విషయంలోనే చాలు అనుకోవాలి, సంతోషం మాత్రం ఎంతొచ్చినా ఇంకా కావాలి అంటే అదేం న్యాయమమ్మా? ఈ కిటికీ దగ్గర పంతొమ్మిదేళ్లు సంతోషంగా ఉన్నాను. నాకు చాలింది. ఇప్పుడు మీరు కూర్చోండి. మీకిక్కడ బాగుంటుందని మధ్యాహ్నాలు చూస్తూనే ఉన్నాను."

"మీకు అక్కడ బాగోకపోతేనండీ?"

"బాగోదనే అనుకుంటున్నానమ్మా. రిటైర్మెంటు ఎంతోదూరం లేదు, ఓర్చుకుంటాను. మా ఆవిడ మాత్రం ఆరేళ్లనుంచీ లెక్క వేసుకుని కూర్చుంది, ఆ పైన వచ్చే పన్నెండు వేలూ ఏం చేయాలో."

నేను ఏడ్చాను. ఆయన కంగారుపడి, భోజనమైందామ్మా అన్నారు. అప్పుడు నాలుగున్నర.

ఒకటో తారీఖున నేను కాటా గదిలో, ఆయన పై అంతస్తులో. మొదటి రోజు ఇంటర్‌కమ్ పదకొండుసార్లు మోగింది. "సౌజన్య గారండీ, నేను సూపర్‌వైజరునండీ. పెద్ద పనేం లేదు. ఆ నీలం ట్రాక్టరాయన వాళ్లమ్మాయికి కాన్పు అయిందేమో కనుక్కోండి." రెండో రోజు ఏడుసార్లు, మూడో రోజు నాలుగు. శనివారం ఒక్కసారి కూడా మోగలేదు. ఆ గదిలో ఒక్కరే కూర్చుని బెంగ పెట్టుకున్నారేమోనని, భోజనం వేళ పరుగున మెట్లెక్కాను.

గదిలో అయిదుగురు రైతులున్నారు. ఇద్దరికి కుర్చీల్లేక కిటికీ గట్టు మీద కూర్చున్నారు. పేమెంటు ఎందుకు ఆలస్యమైందో, ఎవరి గెలలు పచ్చివని ఎందుకు తిప్పి పంపారో అన్నీ టేబులు మీద పరిచి ఉన్నాయి. మా సూపర్‌వైజరు గారు మంకీ క్యాప్ పెట్టుకుని, తిరిగే కుర్చీలో ఒకాయన వైపునుంచి ఇంకొకాయన వైపుకి తిరుగుతూ మాట్లాడుతున్నారు. కళ్లు తిరుగుతున్నట్టేమీ లేదు.

నన్ను చూసి బయటికి వచ్చారు.

"ఫోన్ చేయలేదేంటండీ? భయం వేసింది" అన్నాను.

"తీరిక దొరకలేదమ్మా. కాటా దగ్గర బాగున్నారా అని వెళ్లిపోయేవాళ్లు. ఇక్కడికొచ్చి కూర్చుని కష్టం చెప్పుకుంటున్నారు." అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు. "ఇక్కడ కూడా బాగానే ఉందమ్మా. జీఎం గారితో మాత్రం అనకండి. లంగాగుడ్డలు కొనుక్కుని మరీ పారిపోయాను. ఇప్పుడు తెలిస్తే ఏమనుకుంటారు?"

అననని మాటిచ్చి కిందికి దిగాను. కాటా ముందు మూడు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి.