వాగులో పాతిన కట్టెలు

అది 1949, వానాకాలం. పోలీస్ యాక్షన్ అయి ఏడాది కావస్తోంది. సికింద్రాబాదులో ఒక మిషన్ ఆసుపత్రికి నేను జీపు డ్రైవరును. యుద్ధం రోజుల్లో తిరుమలగిరి మిలిటరీ డిపోలో బండ్లు నడపడం నేర్చుకున్నాను. యుద్ధమయ్యాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత జీపుల్లో ఒకదాన్ని మా ఆసుపత్రి కొన్నది, దాన్ని నడపడానికి నన్ను పెట్టుకున్నది. దాని ఆకుపచ్చ రంగు అలాగే ఉండిపోయింది. తెల్ల రంగు వేయించి ఆసుపత్రి పేరు రాయిద్దామని నేను చాలాసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా మా సూపరింటెండెంటు "చూద్దాం" అనేవాడు. ఆ "చూద్దాం" తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నీళ్లలో జీపు ఎలా దాటించాలో నన్ను చాలామంది అడుగుతారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ముందు దిగి, చేతికర్రతో పొడుచుకుంటూ అవతలి ఒడ్డుదాకా నడిచి రావాలి. ఫ్యాన్ బెల్ట్ ఊడదీయాలి, లేకపోతే ఫ్యాను తిరిగి నీళ్లన్నీ ఇంజను మీదే కొడుతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు గ్రీజు దట్టంగా పూయాలి. ఫోర్-వీల్ డ్రైవ్‌లో వేసుకోవాలి, అంటే నాలుగు చక్రాలూ లాగుతాయి. చిన్న గేరులో, ఒకే వేగంతో పోవాలి. నడుమ గేరు మార్చకూడదు, క్లచ్ తొక్కకూడదు, ఆగకూడదు. ఇంతే. వాగు వచ్చిందంటే చాలు, జీపులో ఉన్న పెద్దమనుషులంతా నన్ను "దాసుగారూ" అని పిలిచేవారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. అవతల ఒడ్డెక్కగానే నేను మళ్లీ "ఒరే దాసు"నే.

అలా పిలవని మనిషి డాక్టర్ సుగుణమ్మగారు ఒక్కరే. గుంటూరు వైపు ఆవిడ. మాట కటువు, చెయ్యి మెత్తన.

ఒకరోజు పొద్దున్నే సాయిలు ఆసుపత్రి గేటు దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. రాంగోపాల్‌పేట్ ధాన్యం కొట్లలో హమాలీ, మా గల్లీ చివర ఉండేవాడు. రజాకార్లు కొట్టిన దెబ్బలకు ఊరు విడిచి వచ్చినవాడు మళ్లీ అటు పోలేదు. చెల్లెలు మాత్రం ఆ ఊళ్లోనే కాపురం చేస్తోంది.

"దాసన్నా, మా చెల్లె లచ్చమ్మకు పానం మీదికొచ్చింది. నిన్నటి సంది నొప్పులు. బిడ్డ చెయ్యి బయటపడ్డదంట. లోపలికి పోతలేదు, బయటికి వస్తలేదు. కూరగాయల బండ్ల వచ్చినాయన చెప్పిండు. జెర అమ్మకు చెప్పన్నా, నీ కాల్మొక్త."

సుగుణమ్మగారు ఆ మాట వింటూనే లేచి నిలబడ్డారు. "చెయ్యి బయటపడిందంటే బిడ్డ అడ్డం తిరిగింది. అక్కడ నేను చేయగలిగేది ఏమీ లేదు. ఇక్కడికి తీసుకొచ్చి ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే గర్భసంచి చిట్లుతుంది. బండి తియ్యి దాసూ!" అన్నారు.

కాప్రా చెరువు దాటాక రోడ్డు అయిపోయి బండ్ల బాట మిగిలింది. పొద్దు నడినెత్తికి రాకముందే వాగు దగ్గరకు చేరాం. రెండు రోజుల కిందట పెద్ద వరద వచ్చి తీసినట్టుంది, ఇంకా నడుము లోతు నీళ్లున్నాయి. ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డు దాకా రెండు వరసలుగా కట్టెలు పాతి ఉన్నాయి. వాటికి గుడ్డ పేలికలు కట్టారు. సాయిలు ముఖం విప్పారింది.

"గా కట్టెల నడుమ నీళ్ల కింద బండ ఉన్నది దాసన్నా. మా తాతల కాలం సంది బండ్లు గట్లనే పోతయ్. వరదకు కట్టెలు కొట్టుకపోతే, ఇంటికొకలు వంతు పెట్టుకొని మల్ల పాతుతరు."

ఇలాంటి కట్టుబాటు ఎన్నో ఊళ్లలో చూశాను. వాగు దాటేవాడు శత్రువైనా సరే, గురుతు కట్టెలను ముట్టుకోరు. అయినా నేను దిగి నడిచాను. కాలి కింద గట్టిగానే ఉంది కానీ బండ తగల్లేదు.

"బండ తగుల్తలేదేంది సాయిలూ?" అని అడిగాను.

"వరదొచ్చింది గదన్నా, పైన ఇసుక మేటేసి ఉంటది."

సబబుగానే తోచింది. ఫ్యాన్ బెల్ట్ తీసి, గ్రీజు పూసి, చిన్న గేరులో నీళ్లలోకి దింపాను. మనిషి బరువు మోసిన ఇసుక జీపు బరువు మోయాలని ఎక్కడా లేదు. వాగు నడుమకు పోగానే వెనక చక్రాలు కిందికి దిగాయి. యాక్సిలేటర్ తొక్కేకొద్దీ అవి తమ గొయ్యి తామే తవ్వుకున్నాయి. ముందుభాగం ఒక పక్కకు ఒరిగింది, నీళ్లు సీటు మీదికొచ్చాయి, ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది.

అవతల జొన్న చేలల్లో మనుషులు కనిపించారు. "ఓ అన్నా! జెర రాండ్రి! తాళ్లు తేండ్రి!" అని సాయిలు గొంతు చించుకున్నాడు. వాళ్లు రాలేదు సరికదా, వంగి చేలకడ్డంపడి పారిపోతున్నారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ. అంత కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఆపదలో ఉన్న ఆడమనిషి కోసం వస్తే తాడు పట్టడానికి ఒక్కడు లేడా అని నోటికొచ్చినట్టు తిట్టాను.

సుగుణమ్మగారు మందుల సంచి నెత్తిన పెట్టుకుని, సాయిలు భుజం పట్టుకుని నీళ్లలోకి దిగేశారు. "నేను పోయి చూస్తాను. నువ్వు ఎలాగైనా బండి బయటికి తియ్యి. బండి లేకపోతే నేను పోయీ ఉపయోగం లేదు," అన్నారు. జీపు నీళ్లలో, నేను జీపు మీద, చుట్టూ నరమానవుడు లేడు. చాలాసేపు అలాగే ఉన్నాను.

చివరికి ఒక మనిషి ఎద్దులను తోలుకొచ్చాడు. లచ్చమ్మ మొగుడు ఎల్లయ్య. డాక్టరమ్మ పంపితే వచ్చాడు. వచ్చినవాడు ఎద్దులు కట్టకుండా, నా ఖాకీ బట్టలవంక, జీపువంక, కట్టెలవంక చూస్తూ నిలబడిపోయాడు.

"నువ్వు కట్టెల నడుమ ఎందుకొచ్చినవ్ దొరా?" అన్నాడు.

"ఎందుకేంది? కట్టెలు పాతేదే అందుకు గద!"

ఆ మనిషి ఒడ్డున కూలబడ్డాడు. "గవి దారి కట్టెలు కావు. జీపులు కూరుకపోతందుకు పాతినయ్. బండ ఎగువకు ఉన్నది, గా తుమ్మ చెట్టుకు ఎదురుంగ. మా ఊరోళ్లకే ఎరుక."

అతను చెప్పిన సంగతి ఇది: ముందు రజాకార్లు వచ్చారు. వాళ్లు పోయారు, సంఘపోళ్లను, అంటే కమ్యూనిస్టులను, వెతుక్కుంటూ మిలిటరీ జీపులు రావడం మొదలైంది. ఎవరొచ్చినా మగవాళ్లను కట్టేసి తీసుకుపోయారు. అప్పుడు ఊరంతా కూడబలుక్కుని కట్టెలను బండ మీద నుంచి ఇసుక ఊబి మీదికి జరిపింది. ఇంజను చప్పుడు వినబడితే ఇల్లూ వాకిలీ వదిలి చేలల్లో దాక్కోవడం అలవాటు చేసుకుంది. ఆ పొద్దు కూడా అదే జరిగింది. కాన్పు చేస్తున్న మంత్రసాని సైతం మా జీపు చప్పుడు విని లచ్చమ్మను వదిలేసి పరుగెత్తిందట.

"ఈపారి వంతు నాదే," అన్నాడు ఎల్లయ్య. "నేనే పాతిన. మా బావకు కబురంపితె ఏ బండి మీదనో మందు తెస్తడనుకున్న. జీపు మా కోసం వస్తదని ఎవలనుకుంటరు? మమ్ముల పట్కపోనీకెనే వస్తది గద!"

నోటి నిండా పెట్టుకున్న తిట్లు మింగేశాను. "లే, ఎద్దులు కట్టు," అని మాత్రం అన్నాను.

ఎద్దులు జీపును వెనక్కి, ఇవతలి ఒడ్డుకే లాగాయి. ప్లగ్గులు విప్పి హ్యాండిల్ తిప్పితే ఇంజనులోంచి నీళ్లు చిమ్మాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తుడిచి, ఎండకు పెట్టి, మళ్లీ తుడిచి బిగించాను. ఎన్నిసార్లు హ్యాండిల్ కొట్టానో, అరచేతుల తోలు లేచిపోయింది. ఇంజను అందుకునే వేళకు ఎండ పసుపు రంగుకు తిరిగింది. ఎల్లయ్య తుమ్మ చెట్టుకు ఎదురుగా నీళ్లలో దిగి, వెనక్కి తిరిగి చూసుకుంటూ ముందు నడిచాడు. అతని వెనకే నేను బండ మీదుగా అవతలికి పోయాను. బీడీ కాల్చినంతసేపు కూడా పట్టలేదు. పొద్దున ఆ బండ తెలిసుంటే మధ్యాహ్నానికల్లా లచ్చమ్మ ఆపరేషన్ బల్ల మీద ఉండేది.

నులక మంచం మీద ఆమెను తెచ్చారు. సుగుణమ్మగారు నాతో ఇంగ్లీషులో, బిడ్డ ఇక లేదని, తల్లినైనా దక్కించుకోవాలని అన్నారు. వెనక సీటులో ఎల్లయ్య పెళ్లాం తలను ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఆ బాట మీద ఎంత వేగంగా పోవచ్చో అంతా పోయాను. ప్రతి గతుకుకూ ఆమె మూలిగేది. కాప్రా దగ్గర పడుతుండగా గతుకులు వస్తున్నా మూలుగు వినిపించలేదు.

సుగుణమ్మగారు నాడి పట్టుకుని చూశారు. "ఆపు దాసూ," అన్నారు.

జీపు ఆగగానే ఎల్లయ్య తలెత్తి అటూ ఇటూ చూశాడు. "దవాఖాన వచ్చిందా అమ్మా?" అని అడిగాడు.

సుగుణమ్మగారు చెయ్యి చాచి లచ్చమ్మ కళ్లు మూశారు.

జీపు ఎలా మునిగిందని సూపరింటెండెంటు అడిగితే వరదన్నాను. సుగుణమ్మగారు అబద్ధమాడని మనిషి, ఆవిడా వరదే అన్నారు. కట్టెల సంగతి బయటికి పొక్కితే మర్నాడే ఆ ఊరికి వేరే జీపులు పోతాయని, వాటిలో మందులు ఉండవని ఇద్దరికీ తెలుసు. నిర్లక్ష్యంగా నడిపానని సూపరింటెండెంటు నన్ను అందరి ముందూ చీవాట్లు పెట్టాడు, పడ్డాను. అంతకంటే మండింది మా గల్లీలో. సాయిలు ఆపుకోలేక నమ్మినవాళ్ల దగ్గర ఏడుస్తూ చెప్పుకుంటే, "ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు" అన్నారు కొందరు. ఆ గొయ్యి తీయాల్సిన గతి ఎందుకు పట్టిందని ఒక్కరూ అడగలేదు. వాళ్లను కొట్టాలనిపించింది.

అప్పటిదాకా నాకు నీళ్ల గురించి అంతా తెలుసనుకునేవాడిని. ఆ తర్వాత ఏ కొత్త ఊరికి పోయినా వాగుకు చాలా ముందే ఇంజను ఆపి, ఖాకీ చొక్కా విప్పి, బనియనుతో నడుచుకుంటూ పోయి, నేనెవరినో, ఎవరి కోసం వచ్చానో చెప్పి, ఊరి మనిషి వెంట వచ్చాకే బండి కదిలించేవాడిని. డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఇదే మొదట చెప్పేవాడిని.

మరుసటి వానాకాలం టీకాల పని మీద ఆ ఊరికే పోవాల్సి వచ్చింది. అదే వాగు, అదే ఊబి మీద రెండు వరసల కట్టెలు, కొత్త పేలికలు. ఎల్లయ్య ఇవతలి ఒడ్డున కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"మల్ల గాడనే పాతిన్రా?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"నేనే పాతిన దాసన్నా. నా వంతు కాకున్నా నేనే పాతుత," అన్నాడు. "నువ్వొస్తే నేను ఎదురొచ్చి తోల్కపోత. ఏడాదికొక్కపారి వస్తవ్ నువ్వు. వాళ్లు మొన్న సుత వచ్చిన్రు."

అతను పంచె ఎగదోపుకుని తుమ్మ చెట్టు వైపు నీళ్లలోకి దిగాడు. నేను బండిని చిన్న గేరులో వేసుకుని అతని వెనకే నడిపాను.