నిశ్చితార్థం సీసా

ఉదయగిరిలో నిశ్చితార్థం నాడు విడిది గదిలో ఉన్నవి: టేప్ రికార్డరు, పాత రాక్ గిటారిస్టుల క్యాసెట్లు ఆరు, పొంగే వైను సీసా, పెళ్ళికొడుకైన మా ఆత్మకూరు ఆఫీసు సీనియర్, నేను. గిటార్ మోగితే చాలు, ఆయన కళ్ళు మూసుకుని పొట్ట మీద లేని తీగలు మీటుతూ "ఆ వేళ్ళు చూడరా!" అనేవాడు. క్యాసెట్లో నాకు వేళ్ళెప్పుడూ కనిపించలేదు.

సీసా తెరవబోతుండగా ఆయనకు కాబోయే మామ వచ్చారు. మందు పేరెత్తితేనే మండిపడే చర్చి పెద్ద.

"ఏందబ్బాయా అది?"

పెళ్ళి తప్పిపోతుందని మా సీనియర్ సీసా మీది కాగితాన్ని అరచేత్తో కప్పేశాడు. "ద్రాక్షరసం మామా."

"మంచిదే. రేపు చర్చిలో ప్రభువు బల్లకు, అందరికీ తలా గుక్కెడు పోసేదానికి, రసం చాలకుండా ఉండాది. ఇట్లా తే."

మర్నాడు చర్చిలో బిరడా టపాకాయలా పేలింది.

"సోడా కలిపినారు మామా!" అని సర్దాడు మా సీనియర్.

రసం పోస్తున్న మామ వేళ్ళను మావాడు కన్నార్పకుండా చూశాడు. ముప్పై ఆరు బుల్లి గ్లాసులు నిండాయి. తన సీసాలోంచి మావాడికి దక్కింది ఒకటి.